తలకిందుల బ్యాక్‌ప్లేన్

మా అత్తగారి గొంతుకి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో అందరూ దిగులుపడ్డారు. నేనూ పడ్డాను. కాకపోతే నా దిగులులో కాస్త హుషారు కూడా కలిసిపోయింది. అది మొహంలోకి రాకుండా ఉండాలని ఆ సాయంత్రమంతా కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ గడిపాను.

"పాపం, అందరికంటే ఈయనే ఎక్కువ బాధపడుతున్నట్టున్నారే," అని మా ఆవిడ వాళ్ళక్కతో ఫోన్లో చెప్పడం వినబడింది. నేను కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

మా అత్తగారు రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరంతటికీ ఆవిడ గొంతే చెప్పేది. ఆవిడ నోట వింటే ఆలస్యం కూడా మర్యాదగా ఉండేదట. ఆ గొంతులో ఇప్పుడు చిన్న కాయ లేచింది. ప్రాణానికి ఏ భయమూ లేదు గానీ, తీసేశాక గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. వచ్చే సోమవారం ఆసుపత్రిలో చేరమన్నాడు. అందాకా అవసరమైనంత వరకే మాట్లాడమన్నాడు.

అవసరమైనంత వరకే మాట్లాడటం మా అత్తగారికి ఒకే ఒక్క పద్ధతిలో వచ్చు.

"దయచేసి గమనించండి," అన్నారు ఇంట్లో అడుగు పెట్టగానే. "వంటింట్లో కుళాయి కారుచున్నది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

నేను వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాను.

భోజనాల దగ్గర మా ఆవిడ మనసులో మాట బయటపెట్టింది. "ఆపరేషన్ కాకముందే అమ్మ గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలండీ."

"స్టేషన్ వాళ్ళ దగ్గర ఉండే ఉంటుందిగా?"

"వాళ్ళ దగ్గరున్నవి రైళ్ళ పేర్లు. నాకు కావాల్సింది ఇంజను కథ."

ఇంజను కథ సంగతి పెళ్ళయిన కొత్తలోనే విన్నాను. స్టేషనుకి వెళ్ళనని మారాం చేసే ఒక ఇంజను కథ అది. డ్యూటీ దిగి వచ్చాక అత్తగారు కూతుళ్ళిద్దరినీ చెరో పక్కా పడుకోబెట్టుకుని చెప్పేవారట.

"పొద్దంతా ఊరందరికీ పంచిపెట్టి, గొంతులో ఇంత మిగిలితే మాకు తెచ్చేది," అంది మా ఆవిడ, కంచంలోకి చూస్తూ. "అది పోతే మళ్ళీ రాదు. రేపే ఫోన్లో రికార్డు చేసేస్తాను."

ఫోన్ అన్న మాట వినగానే నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. జనం కట్టుకోబోయే ఇళ్ళ ప్లాన్లలో తప్పులు పట్టడం ఆఫీసులో నా ఉద్యోగం. ఇంటికొచ్చాక నాకున్న ఒకే ఒక్క వ్యసనం శబ్దం. హాల్లో ఒక మూల నా పెట్టెలు ఉంటాయి. మైకులో పడ్డ గొంతుని పెంచేది ఒకటి, లావుగానో సన్నగానో మార్చేది ఒకటి, అరుపునీ గుసగుసనీ ఒక దారికి తెచ్చేది ఒకటి, ప్రతిధ్వని కలిపేది ఒకటి. ఒక్కోటీ పెద్ద నిఘంటువంత ఉంటుంది. ఒక్కోదానికీ విడిగా ఒక అడాప్టరు, దానికో తోక, పెట్టెకీ పెట్టెకీ మధ్య మళ్ళీ వైర్లు. వెనక నుంచి చూస్తే ఎవరో జుట్టు విరబోసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. మా ఆవిడ చీపురు ఆ మూలకి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది.

వీటన్నిటినీ ఒక ర్యాక్‌లో కూర్చాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. అడిగినప్పుడల్లా "ఎందుకు?" అన్న ప్రశ్న దగ్గర బండి ఆగిపోయేది. ఇప్పుడా ప్రశ్నకి దేవుడిచ్చిన జవాబు ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగుతోంది.

"ఫోన్లో మీ అమ్మ గొంతు డబ్బాలో బఠాణీలా ఉంటుంది," అన్నాను. "ఒక్కసారి ఇలా రా."

అత్తగారిని మైకు ముందు కూర్చోబెట్టి ఒక వాక్యం చెప్పమన్నాను. ఆవిడ గొంతు సవరించుకుని, "అనగనగా ఒక ఇంజను," అన్నారు. ఆ మాటని స్పీకర్లలోంచి తిరిగి వినిపించాను. మాటకి ముందు తీసుకున్న ఊపిరి కూడా గదిలోకి వచ్చింది.  తల్లి ఎదురుగానే ఉన్నా మా ఆవిడ స్పీకరు వైపే చూస్తూ ఉండిపోయింది.

"బాగుంది," అంది చివరికి. "వెనకాల ఆ గుయ్యిమనేది ఏమిటి?"

"అదే మరి. ఇన్ని అడాప్టర్లు, ఇన్ని వైర్లు ఉంటే వచ్చే రొద అది."

"కథలో ఇంజను ఉండాలి గానీ కందిరీగ ఉండకూడదు. దాన్ని తీసెయ్యండి."

"తీసేస్తాను. పెట్టెలన్నిటికీ కలిపి ఒక ర్యాక్, దాని వెనక గోడకి ఒక పలక. దాన్ని బ్యాక్‌ప్లేన్ అంటారు. కరెంటైనా, శబ్దమైనా అన్నీ ఆ పలకలోంచే. పెట్టెని సొరుగులా లోపలికి నెడితే చాలు, దానంతటదే పలకకి తగులుకుంటుంది. ఒక్క వైరు కనబడదు, ఒక్క గుయ్యి వినబడదు."

"ప్లేనా?" అన్నారు అత్తగారు. "మాది రైల్వే కుటుంబం నాయనా. విమానాల సంగతి మాకు తెలీదు."

"విమానం కాదత్తయ్యా, పలక."

"పలకైతే పలకాలి. చూద్దాం."

"బజార్లో కొనుక్కురావచ్చుగా?" అంది మా ఆవిడ.

"బజార్లోవి మన పెట్టెలకి సరిపోవు. నేనే చేస్తాను."

 మేం ముగ్గురం గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు వైపు చూశాం. అది కూడా నేను చేసిందే. దాని మీద చెప్పులు పెట్టవద్దని కాగితం అంటించింది కూడా నేనే.

"అది వేరు," అన్నాను. "దీనికి అన్నయ్య సాయం తీసుకుంటాను."

అన్నయ్య అంటే మా తోడల్లుడు, మా ఆవిడ అక్క భర్త. చెవిటి మిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి, అతకడం ఆయన ప్రవృత్తి. చుట్టాలందరూ ఆయన్ని టంకం అంటారు. ఊడింది ఏది కనబడినా టంకం పెట్టందే ఊరుకోడు. ఒకసారి వాళ్ళింట్లో తలుపు గొళ్ళెం ఊడితే దానికీ పెట్టాడు. ఆ గదిలోకి ఇప్పుడు వరండా వైపు నుంచి వెళ్తున్నారు.

"ఇద్దరూ కలిసే చేస్తారా?" అంది మా ఆవిడ.

"ఆదివారం మధ్యాహ్నానికి రికార్డింగ్. నాదే పూచీ."

అత్తగారు గ్లాసు కింద పెట్టారు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. తమ తమ సామాన్లను తామే జాగ్రత్తగా చూసుకొనవలెను."

ఆ విజ్ఞప్తి ఎంత సమయానుకూలమో మర్నాడు తేలింది. ర్యాక్‌కి ఒక చెక్క గూడు కావాలి. కొలతలు తీసుకుని ఇల్లంతా తిరిగితే, మా పడగ్గదిలో మా ఆవిడ బట్టలు పెట్టుకునే సొరుగుల బల్ల నా పెట్టెలకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. సొరుగులు లాగేస్తే చాలు. లాగేశాను.

మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా సొరుగులేవి?"

"వరండాలో ఉన్నాయి."

"సొరుగుల్లోవి?"

"మంచం మీద ఉన్నాయి."

"మంచం మీదివి?"

"కుర్చీల్లో సర్దాను."

"మరి అమ్మ ఎక్కడ కూర్చుంది?"

"వరండాలో. సొరుగు బోర్లించి వేశాను, సుఖంగానే ఉందన్నారు."

"అన్నానా?" అని వరండాలోంచి వినబడింది. అది ప్రకటన కాదు గనక నేను లెక్కలోకి తీసుకోలేదు.

మా ఆవిడ ఆ పూట ఇంకేమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. ఇస్త్రీ బల్ల మాత్రం పడగ్గదిలో పెట్టి తాళం వేసుకుంది. నేను దాన్నే పని బల్లగా వాడదామనుకున్న సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో ఇప్పటికీ అంతుబట్టలేదు.

భోజనాల బల్ల మీద బ్యాక్‌ప్లేన్ గీయడం మొదలుపెట్టాను. ఒక్కో పెట్టెకి వెనకాల వరసగా పిన్నులు. ఒక కొసన ప్లస్, ఇంకో కొసన మైనస్, సరిగ్గా నడుమ గ్రౌండు. మిగిలిన రెండింట్లో ఒకదాంట్లోంచి శబ్దం లోపలికి వెళ్తుంది, ఒకదాంట్లోంచి బయటికి వస్తుంది.

"అంటే ఒక్కో పెట్టెకి ఐదు పిన్నులా?" అంది మా ఆవిడ, వెనకనుంచి తొంగిచూసి. "మన పెళ్ళిలో ఒక్క పిన్నితోనే వేగలేకపోయాం."

పిన్నుల వరస పెట్టె వీపుకి అడ్డంగా, పైకీ కిందకీ సమానదూరంలో ఉండాలని పట్టుబట్టాను. దాని వల్ల ప్రయోజనం ఏమీ లేదు. చూడటానికి అందంగా ఉంటుందంతే. గీత పూర్తయ్యాక దూరంగా పెట్టి చూసుకున్నాను. నా ఆఫీసుకి ఇలాంటి ప్లాన్ ఎవరైనా తెస్తే చూసిన వెంటనే సంతకం పెట్టేసేవాణ్ణి.

టంకం అన్నయ్య సాయంత్రాలు వచ్చేవాడు. భోజనాల బల్ల మాకు అంకితమైపోవడంతో మిగతా కుటుంబం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేది. నేను ప్లాన్ చదివేవాణ్ణి, ఆయన టంకం పెట్టేవాడు. ఇల్లంతా పొగ వాసన.

"ర్యాక్ ఎప్పుడు తయారవుతుందో కాస్త చెప్తారా?" అని శనివారం మా ఆవిడ అడిగింది.

అత్తగారు నిట్టూర్చారు. "నా ఉద్యోగమంతా రాకలూ పోకలూ చెప్పడమే. ఈ రాక మాత్రం ఎప్పుడో నాకే తెలీడం లేదే."

ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. ఇక వెనకడుగు లేదని నిరూపించడానికి కత్తెర తీసుకుని పాత అడాప్టర్ల తోకలన్నీ కత్తిరించి పారేశాను. టంకం అన్నయ్య చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. ర్యాక్ హాల్లో నిలబడింది. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉంది. అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, గోరువెచ్చని నీళ్ళ గ్లాసుతో ర్యాక్ పక్కనే మైకు ముందు కూర్చున్నారు. మా ఆవిడ వాళ్ళమ్మ పక్కన.

"ముందు అంత ముఖ్యం కానిదాన్ని పెట్టి చూద్దాం తమ్ముడూ," అన్నాడు టంకం అన్నయ్య. ఈ మొత్తం వ్యవహారంలో మా ఇద్దరిలో ఒకరు చెప్పిన తెలివైన మాట అదొక్కటే.

ప్రతిధ్వని పెట్టెని గూట్లోకి నెట్టాను. టక్కుమని తగులుకుంది. ఆ టక్కు వినడానికి ఎన్నాళ్ళు ఎదురుచూశానో. స్విచ్ వేశాను.

దీపం వెలగలేదు. పెట్టె చిల్లుల్లోంచి సన్నగా, నిటారుగా ఒక పొగ లేచింది. ఇంజను కథకి అది తగినట్టే ఉందని ఒక్క క్షణం అనిపించింది. స్విచ్ తీసేశాను.

"ప్లస్ ఎటు పెట్టావు తమ్ముడూ?" అన్నాడు టంకం అన్నయ్య.

"ఎడమవైపు. మీరో?"

"నేనూ ఎడమవైపే."

"మరింకేం?"

"నువ్వు ఎటునుంచి చూసి గీశావు?"

"ముందు నుంచి."

ఆయన చేతిలో ఉన్న టంకం కడ్డీని చాలా జాగ్రత్తగా కింద పెట్టాడు. "నేను వెనక నుంచి చూసి పెట్టాను."

ఇద్దరం చేసిన పనీ సరైనదే. అదే వచ్చిన చిక్కు. ఆయన ఎడమ నాకు కుడి అయింది. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్, శబ్దం లోపలికి వెళ్ళాల్సిన దారిలో బయటికి వచ్చే దారి, బ్యాక్‌ప్లేన్ మొత్తం అద్దంలో చూసుకున్నట్టు తయారైంది.

"ఊడదీసి మళ్ళీ పెట్టలేరా బావా?" అంది మా ఆవిడ.

"నేను పెట్టిన టంకం ఊడదమ్మా," అన్నాడాయన. ఆ పరిస్థితిలోనూ గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. "రేపటికి అయ్యే పని కాదు."

పాత పద్ధతికి వెళ్దామంటే అడాప్టర్ల తోకలు లేవు.  మా ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంది. దాన్ని చూసి, వాళ్ళమ్మని చూసి, మళ్ళీ పక్కన పెట్టేసింది. ఆ స్పీకర్లో విన్న ఊపిరి గుర్తొచ్చి ఉంటుంది. నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. ర్యాక్ పోతే పోయింది. రేపు పొద్దున ఆవిడ తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఆ కథ మళ్ళీ ఎలా వినబడుతుందో ఎవరికీ తెలియదు. నా సరదా కోసం నేను అడ్డం పడకపోయి ఉంటే ఈపాటికి అది ఫోన్లోనైనా భద్రంగా ఉండేది.

"తప్పంతా నాదే," అన్నాను.

"అది తర్వాత మాట్లాడుకుందాం," అంది మా ఆవిడ. నేల మీద కూర్చుని, గొంతుని పెంచే పెట్టెని ఒళ్ళోకి తీసుకుని దాని వీపు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "దీన్ని బోర్లేసి తోస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది?" అన్నాను, కాస్త జాలిగా.

"ఎడమ కొసది కుడికి వస్తుంది, కుడి కొసది ఎడమకి వస్తుంది. నడిమిది నడుమే ఉంటుంది. వరస కూడా వీపుకి సరిగ్గా మధ్యలో పెట్టారుగా."

  టంకం అన్నయ్య రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టుకుని ఒకదాన్ని తిప్పి చూశాడు. ఇంకోసారి తిప్పాడు.

"వస్తుంది," అన్నాడు.

మాడిన ప్రతిధ్వని పెట్టెని పక్కన పెట్టి, మిగతావన్నీ బోర్లించి ఒక్కోటే నెట్టాం. స్విచ్ వేస్తున్నప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అన్నిట్లోనూ దీపాలు వెలుగుతున్నాయి. గుయ్యి లేదు. గదిలో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఒకే ఒక్క ఇబ్బంది మిగిలింది. మీటల పేర్లు, అంకెలు అన్నీ తలకిందులైపోయాయి. సున్నా ఎక్కడుందో, ఏ మీట దేనిదో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. మెడ వంచి చూశాను, చాలలేదు. పక్కకి పడుకుని చూశాను, సగమే తెలిసింది. ఆఖరికి ర్యాక్‌కి వీపు పెట్టి నిలబడి, నడుం వంచి, రెండు కాళ్ళ మధ్యలోంచి వెనక్కి చూశాను. అన్నీ ముత్యాల్లా కనబడ్డాయి.

"మొదలుపెట్టండి అత్తయ్యా," అన్నాను ఆ భంగిమలోనే.

"అనగనగా ఒక ఇంజను," అన్నారు అత్తగారు. ఆ మాటతో గది మారిపోయింది. స్టేషన్ గొంతు కాదది. దాని వెనకాల, కూతుళ్ళకి తప్ప ఎవరికీ వినిపించకుండా దాచుకున్న ఇంకో గొంతు. "దానికి స్టేషన్ అంటే గిట్టదు. ఎందుకే అని అడిగితే, అక్కడ అందరూ నా వైపే చూస్తారు, నాకు సిగ్గు అంది." మా ఆవిడ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని వింటోంది. నేను కాళ్ళ మధ్యలోంచి చెయ్యి పోనిచ్చి మీటలు సవరిస్తున్నాను.

ఇంజను మారాం చేసి గుహలో దాక్కునే చోట కథ మెల్లగా సాగుతుంది. గొంతు తగ్గింది. పెంచుదామని మీట కోసం ఇంకాస్త వంగాను. కళ్ళజోడు నుదుటి మీదికి జారింది, చొక్కా మెడ మీదికి జారింది. దాన్ని తోసుకుని బయటికి చూసేసరికి మోకాళ్ళ మధ్య నా మొహం, దాని ఎదురుగా అత్తగారి మొహం.

"ఆ ఇంజను గుహలో," అన్నారావిడ. "గుహలోంచి తల..."

అక్కడ ఆగిపోయారు. పెదవి బిగించారు. ఉద్యోగమంతా మైకు ముందు ఒక్కసారైనా నవ్వని మనిషి. ముందు ముక్కులోంచి చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. తర్వాత ఆవిడ నవ్వారు. ఎక్కడో లోపలినుంచి బుడబుడమంటూ బయల్దేరి, పైకొచ్చేసరికి చిన్నపిల్ల నవ్వులా సన్నగా చీలిపోయే నవ్వు అది. ఊరంతటికీ తెలిసిన ఆ గొంతులో అలాంటి నవ్వుందని అల్లుళ్ళిద్దరికీ తెలీదు.

"సారీ అత్తయ్యా, లేస్తాను," అన్నాను.

"లేవకండి," అంది మా ఆవిడ మెల్లగా. "అలాగే ఉండండి."

ఉన్నాను. నవ్వు తగ్గి కథ ముందుకి జరగడం, అత్తగారు ఇటు చూడటం, మళ్ళీ నవ్వు రావడం. ఇంజను స్టేషనుకి చేరేసరికి నా మొహం మందారం రంగుకి వచ్చిందని టంకం అన్నయ్య తర్వాత చెప్పాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళు ఆవిడ సైగలతోనే ఇల్లు నడిపారు. ఆ తర్వాత వచ్చిన గొంతు పాతది కాదు. మునుపటికన్నా బొంగురుగా, కాస్త అడుగున పలికేది. మాటకి అడ్డం లేదు, నొప్పి లేదు. కానీ ఆవిడ మాట్లాడినప్పుడల్లా మేమందరం ఒక్క క్షణం ఎవరా అన్నట్టు చూసేవాళ్ళం. అది ఆవిడ గమనించేవారు. అందుకని తక్కువ మాట్లాడేవారు.

ఒక సెలవు రోజు మా ఆవిడ పెట్టెల దగ్గర కూర్చుని చిన్న చిన్న కాగితం ముక్కల మీద మీటల పేర్లు రాసి, నిటారుగా, చక్కగా అంటించడం చూశాను.

"ఇంత తేలిక పనా?" అన్నాను. "ఆ రోజే చేసి ఉంటే నా నడుం మిగిలేది కదా. నీకప్పుడు తట్టలేదా?"

"తట్టింది."

"ఎప్పుడు?"

"మీరు పక్కకి పడుకుని చూస్తున్నప్పుడు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు వంగేవారా?"

నేను ఆలోచించి, వంగేవాణ్ణి కాదనే తేల్చాను.

"అమ్మ చాలా భయపడుతోందండీ ఆ రోజు," అంది మా ఆవిడ, ఇంకో కాగితం ముక్క అంటిస్తూ. "నాకు తప్ప ఎవరికీ తెలీదు. మీరలా వంగి మొదటిసారి చూసినప్పుడే అమ్మ పెదవి కదిలింది. ఇక నేనెందుకు చెప్తాను?"

మా ఆవిడ వాళ్ళమ్మని పిలిచి రికార్డు పెట్టింది. ర్యాక్ పక్కన కుర్చీలో కూర్చుని అత్తగారు తన పాత గొంతుని మొత్తం విన్నారు. నవ్వు దగ్గరికి వచ్చేసరికి తల కాస్త పక్కకి వంచి విన్నారు. 

"గొంతు మారింది," అన్నారు తర్వాత, కొత్త గొంతుతో. "నవ్వు కూడా మారిందేమో."

ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వలేదన్న సంగతి అప్పుడు మాకు తట్టింది. నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం. మా ఆవిడ చెయ్యి చాచి, అప్పుడే అంటించిన కాగితం ముక్కలు ఒక్కొక్కటే పీకేయడం మొదలుపెట్టింది.

నేను లేచి వెళ్ళి, ర్యాక్‌కి వీపు పెట్టి, నడుం వంచాను.

కాళ్ళ మధ్యలోంచి అత్తగారి వైపు చూశాను. తర్వాత ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు. ఆ తర్వాత ఎక్కడో లోపలినుంచి బుడబుడ.

"మారలేదమ్మా," అంది మా ఆవిడ. 

ఇక లేవనా అని అడిగాను. ఎవరూ వినిపించుకోలేదు.